నక్క కట్టిన ఇంట్లో ఒక నిద్ర

రాళ్లవాగు ఒడ్డున ఇళ్లు కట్టే పని పెట్టుకోవాలంటే రెండు లైసెన్సులు ఉండాలి. ఒకటి అడవి మొత్తానికీ సింహం కొలువులో ఇచ్చేది. రెండోది వాగు పంచాయతీది, అది తాబేలు తాత చేతిలో ఉంటుంది. కొలువులో పరీక్షంతా నోటిమాటే. నోటిమాటకు నక్క దగ్గర కొదవేముంది? మట్టి రకాల గురించి గడగడా చెప్పి, సింహం చేత పంజా ముద్ర వేయించుకుని వాగుకొచ్చి పడింది.

వచ్చీ రాగానే కుందేలుకు ఇల్లు కట్టింది. కట్టడమంటే ఏముంది, ఇసుకలో గబగబా తవ్వి పైన తడిమట్టి మెత్తడమే. పాపం, కుందేలు నిండు చూలాలు. పోయిన తొలకరికి బొరియ కూలి పిల్లల్ని పోగొట్టుకుంది. ఆ దిగులుతో దానికి కాలు ఒకచోట నిలవడం లేదు.

“రేపే దిగిపో చెల్లెమ్మా,” అంది నక్క.

“పంచాయతీ లైసెన్సు వచ్చిందా అన్నా?”

“సింహమే సరేనన్నాక తాబేలెంత!”

ఆ మాట పక్కనే ఉన్న తాబేలు తాత చెవిన పడింది. తాతకు కోపం కూడా నిదానంగానే వస్తుంది.

“సింహం మాట కాదనను నక్కా. కానీ మా వాగు నేల సంగతి వేరు. ఇక్కడ రూలు ఒకటే. కట్టినవాడు ఆలుబిడ్డలతో ఆ ఇంట్లో ఒక రాత్రి నిద్ర చేయాలి. తెల్లారాక లైసెన్సు ఇస్తాం.”

“దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని ఊరికే అన్నారా!” అని నక్క గొణుక్కుంది. రాత్రంతా బయట పడుకుని తెల్లవారుజామున లోపల దూరితే సరిపోతుంది. ఇంటిదానికి ముందే చెప్పి ఉంచాలి, అంతే అనుకుంది.

“దానికేం తాతా, వెళ్లి పిల్లల్ని తీసుకొస్తా.”

“అలిసిపోయావు, నువ్వు కూర్చో అన్నా. వదినను నేను పిలుచుకొస్తా,” అంటూ కుందేలు ఒక్క గెంతు గెంతింది. నక్క నోరు తెరిచేసరికే అది కనుమరుగైంది.

కుందేలు నక్క గుహకు కాస్త దూరంగానే ఆగి, “వదినా! అన్న కొత్తిల్లు కట్టాడు. పిల్లలతో నిద్రకు రావాలట,” అని కేకేసింది.

“ఎవరు కట్టిందీ? మీ అన్నా?” ఆడనక్క గొంతు మారిపోయింది. “మా గుహకు చూరు వేస్తానని, అది నా మీద కూల్చి నడుం విరగ్గొట్టిన మనిషేనా? పద, ఆ మాటేదో తాత ముందే తేల్చుకుంటా!”

పిల్లల్ని వెంటేసుకుని వాగుకొచ్చింది. “నేను పడుకోను, పిల్లల్ని పడుకోనివ్వను,” అని అందరి ముందూ తెగేసి చెప్పింది.

“దాని మాటలకేం లే తాతా! ఇల్లు రాయిలా ఉంది,” అని నక్క నవ్వబోయింది.

అంతలో చిన్నకూన ఆడుకుంటూ ఆ గుమ్మంలోకి దూరబోయింది. నక్క ఎగిరి దూకి, దాని తోక పట్టి వెనక్కి లాగేసింది. లాగాక గానీ తనేం చేసిందో దానికే తెలియలేదు.

కుందేలు నెమ్మదిగా అడిగింది.

“నా పిల్లలైతే ఫరవాలేదా అన్నా?”

నక్క తల దించుకుంది. కూనను వదల్లేదు, అలాగే పట్టుకుని నిలబడింది. లైసెన్సు మాట మళ్లీ ఎత్తలేదు. తొలకరి రాకముందే తాబేలు తాత గట్టినేల చూసి, ఏదుపంది చేత కుందేలుకు బొరియ తవ్వించింది.

నీ బిడ్డను పడుకోబెట్టలేని ఇంటికి పరాయి బిడ్డను పిలవకు.