రెండో దొప్ప

అనగనగా, కొండలకు ఇంకా ఎవరూ పేర్లు పెట్టని కాలంలో, ఒక అడవిగూడెంలో భూమన్న అనే తేనె తీసేవాడు ఉండేవాడు. నిలువుకొండ అంచు నుంచి తాడు మీద వేలాడుతూ దిగి, పెద్ద తేనెపట్టు కోసుకురావడం అతని పని.

ఆ గూడానికి మూడు కట్టుబాట్లు. దిగేవాడి తాడు బామ్మర్దే పట్టాలి. అక్క కాపురం నిలవాలనుకునేవాడు తాడు వదలడు కదా! తాడు పట్టేవాడూ, దిగేవాడూ సాయంత్రాలు ఒకే కుండలోని ఇప్పసారా పంచుకోవాలి. ఇక మూడోది, దిగేవాణ్ణి దూలానికి ఒకవైపు, తూకంరాయిని మరోవైపు వేలాడదీస్తారు. అలా మూడుసార్లు తూస్తారు; ఆఖరిసారి మనిషే బరువైతే ఆ ఏడు తాడు ఇంకొకరిది.

వానాకాలమంతా కూర్చుని తిన్న భూమన్న, ఒకనాడు నడుముకు తాడు చుట్టుకోబోతే ముడి అందలేదు. ఇక మనసు మనసులో లేదు. తాత దిగాడు, తండ్రి దిగాడు, తను మాత్రం గట్టు మీద నిలబడి చూడాలా?

వెంటనే బువ్వ మానేశాడు. పొద్దంతా గంజినీళ్లే. సాయంత్రమైతే మాత్రం, "ఇది తాగేదేగా, తినేది కాదుగా!" అంటూ దొప్ప మీద దొప్ప సారా పట్టించేవాడు. కాలే కడుపాయె, నంజుకోవడానికి పెట్టిన మాంసం ముక్కలు పిడికిళ్లతో నోట్లో వేసుకునేవాడు. మొదటి తూకంలో అతనివైపు దూలం దభీమని కిందికి వాలింది.

"అసలు నేను తిన్నదేముంది?" అని భార్య మీద విరుచుకుపడ్డాడు.

"బువ్వ మానేశావు సరే. దొప్పల్లో తాగిందంతా గాల్లో కలిసిపోయిందనుకున్నావా మావా?" అంది ఈదమ్మ.

భూమన్నకు రోషం వచ్చింది. ఆనాటి నుంచి కుండ వైపే పోలేదు. పిలిస్తే ఒకరోజు కడుపునొప్పి అన్నాడు, ఒకరోజు కాలునొప్పి అన్నాడు. కాలు కాలిన పిల్లిలా గుడిసె చుట్టూ తిరిగాడు. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎటు పోవాలో తోచేది కాదు. బయట ఎవరు నవ్వినా తనను చూసే నవ్వుతున్నారనుకునేవాడు.

రెండో తూకంలో రాయి కిందికి దిగింది. భూమన్న ఎగిరి గంతేశాడు. బామ్మర్ది అంకన్న మాత్రం చేతిలోని తాడు నేలకేసి కొట్టాడు.

"నా చేతి దొప్ప ముట్టనోడికి నా చేతి తాడెందుకు బావా? నీకు నొప్పులేం లేవు. నేనంటేనే నీకు గిట్టడం లేదు."

భూమన్న ఇరకాటంలో పడ్డాడు. తాగితే దూలం ఒప్పుకోదు, తాగకపోతే తాడు దొరకదు. అవతల పట్టు నిండిపోయింది. తెల్లారితే ఆఖరి తూకం.

ఆ సాయంత్రం వెళ్లి కుండ దగ్గర కూర్చున్నాడు. అంకన్న పలకరించకుండానే దొప్ప నింపాడు. భూమన్న దాన్ని కొద్దికొద్దిగా తాగాడు. రెండోసారి పోయబోతే దొప్పకు చెయ్యి అడ్డం పెట్టాడు.

"నీతో అబద్ధమాడాను బామ్మర్దీ. నొప్పీ గిప్పీ ఏం లేదు. బొజ్జ తగ్గాలని దాక్కున్నా. నీ పక్కన కూర్చోకపోతే నాకు పొద్దే పోదురా. కానీ నేను రెండో దొప్ప తాగితే, ఆ బరువు రేపు మోసేది నీ చేతులే."

అంకన్న కాయలు కాసిన తన అరచేతుల వంక చూసుకున్నాడు.

"ఈ ముక్క ముందే చెప్పి ఏడవొచ్చు కదా బావా!" అంటూ, అప్పటికి ఒక్కసారే తాగిన తన దొప్పను కూడా బోర్లించాడు. కుండకు మూతపెట్టి ఇద్దరూ కడుపుబ్బ నవ్వుకున్నారు.

మర్నాడు రాయే కిందికి దిగింది. భూమన్న కొండ అంచు దాటి గాల్లో వేలాడాడు. కింద చూస్తే లోయ, చుట్టూ చూస్తే తేనెటీగలు. ఏటా ఆ చోటికి రాగానే తాడు వణికేది, తన ప్రాణం గిలగిల్లాడేది. ఈసారి తాడు వణకలేదు. పైన పట్టుకున్నవాడూ రాత్రి ఒక్క దొప్పతోనే లేచాడు మరి!

అందుకే పిల్లలూ, నలుగురిలో కలవడానికి గొంతుదాకా తాగనక్కర్లేదు, మొహం చాటెయ్యనూ అక్కర్లేదు. "నాకింత చాలు" అని నిజం చెప్పగలిగినవాడికి ఒళ్లూ దక్కుతుంది, స్నేహమూ దక్కుతుంది.