తట్ట పట్టుకుని మన్ను అడగబోయిన నూకాలు

అనగనగా గోదావరి నడుమ ఒక లంక. నాలుగు పక్కలా నీళ్ళు, మధ్యలో పొలాలు. ఆ లంకలో నూకాలు అని ఒక మనిషి ఉండేది. ఆమెకి ఉన్నదల్లా ఒక్క చిన్న పొలం చెక్క, దోసపాదులు వేసుకునేంత. మొగుడు పోయాక రెల్లు దుబ్బులు పీకి, పేడ మోసి, ఒంటిచేత్తో ఆ మన్నుని బువ్వ చేసుకుంది. ఊఁ కొట్టు మరి, నాన్నా.

ఒక ఏడు వరదొచ్చింది. గోదారి గట్టు కోసేసి సగం చెక్కని మింగేసింది. మిగతా సగం నీళ్ళలో మునిగింది. ఇక తినేదేంటి? నూకాలుకి ఒళ్ళు మండిపోయింది. తట్ట నెత్తిన పెట్టుకుని పడవ దగ్గరికి నడిచింది.

పక్క పొలం సత్తెయ్య చూశాడు. "ఎక్కడికే?"

"నా మన్ను నాకిమ్మని అడగడానికి, మామా."

"నీరు ఇంకా తియ్యనే లేదు! అయినా ఆ తట్టేం చాలుతుందే, నా బండి కూడా తోలుకుపో!"

"నవ్వు మామా, నవ్వు. రేపు నీ గట్టు తెగితే నేనూ నవ్వుతా."

పడవెక్కి గోదారిని నిలదీసింది. "ఏమమ్మా, రెక్కలు ముక్కలు చేసుకునే వాళ్ళే దొరికారా నీకు?"

"నేను మోసేదాన్నే గానీ తినేదాన్ని కాదే," అంది గోదారి. "బరువైన ఇసక మొగ దగ్గర దించేశాను. మెత్తటి మన్ను సముద్రానికి ఇచ్చేశాను."

ఆ తర్వాత నూకాలు మొగకి, అంటే నది సముద్రంలో కలిసే చోటికి, చేరింది. అక్కడ గాలి ఆమె మొహాన ఇంత దుమ్ము పోసింది.

"నువ్వూ దొంగవేనా?"

"దొంగనే అనుకో," అంది గాలి. "ఎండిన నేలల మీద దుమ్మెత్తుకుపోతాను. నది చెయ్యి అందని నడిసముద్రంలో చల్లి వస్తాను. అక్కడా ఆకలుంది మరి."

ఆ తర్వాత నూకాలు సముద్రం మీద పడింది. "నా మన్ను!"

సముద్రం కసురుకోలేదు. అడుగు నుంచి గుప్పెడు బురద తీసి తట్టలో పెట్టింది. వెన్నకన్నా మెత్తటి బురద. "ఒక్కో నలుసు కిందికి దిగడానికి ఏళ్ళు పడుతుంది తల్లీ. అక్కడ ఎండ రాదు, గడ్డి మొలవదు. పైనుంచి రాలిపడే ఈ మన్నే అడుగునున్న మావాళ్ళకి కూడూ, పక్కా. నీదైతే పట్టుకుపో."

బురదలో సన్నటి పురుగొకటి వెలుతురు చూసి మెలికలు తిరిగింది. ఆకలంటే తెలిసిన మనిషి కదా, నూకాలు దాని మీద ఇంత బురద కప్పింది.

"మరి నా గతేంటి?" అంది.

"నువ్వు ఇన్నాళ్ళూ దున్నిన మన్ను ఎక్కడిది? ఎగువన ఎవరి గట్టు తెగితే నీ లంక పుట్టింది? వాళ్ళెవరూ తట్ట పట్టుకుని నీ గుమ్మంలోకి రాలేదే!"

నూకాలు తట్టని నీళ్ళలో వంచేసి వెనక్కి నడిచింది.

లంకకి వచ్చేసరికి నీరు తీసింది. మిగిలిన సగం చెక్క మీద మోకాలి లోతు ఒండ్రు. నల్లగా, చల్లగా, కొత్త మన్ను! నూకాలు అందులో కూలబడి ఏడ్చింది. ఆ తర్వాత గింజలు నాటింది. ఆ సగం చెక్కే రెండు చెక్కలంత కాసింది.

తొలికాపు దోసకాయని అందరూ నీళ్ళు పోయే వైపుకి మొక్కి గోదాట్లో వదులుతారు. నూకాలు మాత్రం నీళ్ళు వచ్చే వైపుకి తిరిగింది. చేతులు జోడించింది. "ఎగువనున్న తల్లీ, నీ పేరు నాకు తెలీదు. నీ గట్టు తెగిన నాడు నువ్వెంత ఏడ్చావో నాకు తెలుసు. నీ మన్ను తింటున్నాను. నీ కడుపు చల్లగుండ!"

ఇసక మొగకి, ఒండ్రు చేనుకి,
మెత్తటి మన్ను సంద్రం అడుక్కి,
కథ కంచికి, మనం కునుక్కి!