చెమట పట్టిన గుర్రం

తెనాలిలో చిదంబరంగారికి ఓ వింత అలవాటు ఉండేది. ముప్పై ఏళ్ళుగా జానపద నవలలకు ముఖచిత్రాలు వేసిన మనిషి, ఆదివారం పొద్దున్నే రంగుల పెట్టె పట్టుకుని బసవయ్య అద్దె పుస్తకాల షాపు అరుగు మీద కూర్చునేవారు. పదిమంది చేతుల్లో నలిగి వెలిసిపోయిన అట్టలకు మళ్ళీ రంగు అద్దేవారు. ఊరికే ఎవరైనా ఇంత పని చేస్తారా అని జనం నవ్వితే ఆయనా నవ్వేవారు.

ఓ ఆదివారం ఆయన శిష్యురాలు వకుళ మొహం కందగడ్డ చేసుకుని అక్కడికే వచ్చింది. పాపం, ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచి ఉన్నాయి. హైదరాబాదు చిత్రప్రదర్శనకు పంపిన బొమ్మ తిరిగొచ్చేసింది. "పుస్తకం అట్టలా ఉంది" అని తీసిపారేశారట అక్కడి పెద్దలు.

"గురువుగారూ, సూటిగా చెప్పండి. అట్ట మీద బొమ్మ కళేనా, కాదా? అక్కడ ప్రతి బొమ్మ ముందూ తాడు కట్టి 'ముట్టరాదు' అని రాసిపెడతారు. అదీ మర్యాదంటే! మన బొమ్మల మీద టీ గ్లాసులు పెడతారు. ఇక నా వల్ల కాదు," అంటూ ఆయన ఇచ్చిన కుంచెల కట్టను ఆయన ముందే పెట్టేసింది.

ఆయన కుంచెల కట్టను పక్కకు జరిపారు. "కాసేపు కూర్చో" అన్నారంతే.

అంతలో లోపల బసవయ్య గొంతు లేచింది. "చదవమని పుస్తకం ఇచ్చానా, తోమమని అంట్లగిన్నె ఇచ్చానా?"

బసవయ్య చేతిలో ఉన్నది నిరుడు వకుళ అట్ట వేసిన నవలే. రెక్కల గుర్రం, మబ్బులు, దూరంగా కోట, అన్నీ చెక్కుచెదరలేదు. గుర్రం మెడ దగ్గర మాత్రం రంగంతా పోయి తెల్లకాగితం తేలింది.

ఎదురుగా నిలబడ్డ రమీజా ఇంటింటికీ జాకెట్లు కుట్టి బతికే మనిషి. సిగ్గుతో చచ్చిపోయింది. "తప్పయిపోయిందన్నా. మా పాప నూరికి టైఫాయిడ్ వచ్చింది. పక్కన కూర్చుని ఈ కథ చదివి వినిపించేదాన్ని. నుదుటి మీద తడిగుడ్డ వేస్తే, అది లాగేసి ఈ గుర్రం మెడ తుడిచేది. 'అంత దూరం ఎగిరొచ్చింది కదమ్మీ, చెమట పట్టింది' అనేది. జ్వరంలో ఉన్న బిడ్డ, ఎలా కాదంటాను?"

బసవయ్య పుస్తకాన్ని బల్ల మీద పెట్టేశాడు. వకుళ లేచి వెళ్ళి పుస్తకం అందుకుంది. ఆ తెల్లటి చోటును వేలితో మెల్లగా తడిమింది.

"ఇప్పుడెలా ఉంది పాపకి?"

"లేచి తిరుగుతోందమ్మా. ఇంకో పుస్తకం తెస్తానంటే వద్దంది. గుర్రమే కావాలట."

వకుళ మారుమాట్లాడకుండా అరుగు మీద కూర్చుని కుంచెల కట్ట విప్పింది. తెలుపులో పిసరంత నీలం కలిపి మెడంతా నిండుగా దిద్దింది. ఇక జన్మలో చెరగకూడదని పెట్టెలోంచి వార్నిష్ సీసా కూడా తీసింది.

చిదంబరంగారు చెయ్యి అడ్డం పెట్టారు.

"వార్నిష్ వద్దు తల్లీ. సాయంత్రానికి దానికి మళ్ళీ చెమట పడుతుంది."