మొదటి నీళ్ళు పారబొయ్యవమ్మా!

అనగనగా ఒక రేవు ఊళ్ళో పేరిందేవమ్మ అని ఒకావిడ కాఫీ హోటలు నడిపేది. దుప్పటి తన్నకు అమ్మడూ. సరిగ్గా పడుకుంటేనే చెప్తాను.

పేరిందేవమ్మ మంచిదే. పెట్టే చెయ్యి. కానీ ఒట్టి మొండిఘటం! ఆ ఇంట్లో కాఫీకి ఒక వరస ఉండేది. ఫిల్టర్లో మొదట దిగిన చిక్కటి డికాషన్ ఇంటికొచ్చిన అతిథికీ, ఆవిడకీ. రెండోసారి నీళ్ళు పోస్తే దిగింది కొడుక్కి. మూడోసారి దిగిన కుడితినీళ్ళు కోడలు నాంచారుకి. ఎందుకూ అని అడక్కు. ఆవిడ వరస అంతే.

ఒకసారి ఆ రేవుకి చైనా ఓడ వచ్చింది. అందులో లిన్ తాత అని ఒక వంటాయన. ఇరవై ఏళ్ళుగా వస్తూ పోతూ ఉన్నాడేమో, తెలుగు మనలాగే మాట్లాడేవాడు. ఆయనకి జ్వరం తగిలింది. పేరిందేవమ్మ అయ్యో పాపం అని తీసుకొచ్చి, హోటలు వెనక వసారాలో మంచం వేయించింది.

జ్వరం తగ్గింది. నోరు మాత్రం చచ్చిపోయింది. ఇడ్లీ పెడితే వద్దన్నాడు, జావ ఇస్తే వద్దన్నాడు. లేచి నిలబడే ఓపికే లేదు.

అప్పుడు ఓడ కెప్టెన్ వచ్చి చూశాడు. "మూడు రోజులయ్యాక నాలుగో రోజు పొద్దున్నే బయల్దేరతాం. నీ కాళ్ళ మీద నువ్వు నడిచొస్తే సరే. లేకపోతే వచ్చే ఏడాది దాకా ఇక్కడే" అని చెప్పి వెళ్ళిపోయాడు. చైనాలో లిన్ తాత ముసలావిడ అప్పటికే రెండేళ్ళుగా ఎదురుచూస్తోంది. ఆయన ముఖం మీదికి దుప్పటి లాక్కుని ఏడ్చాడు.

ఆ తర్వాత తలగడ కింద నుంచి ఒక పొట్లం తీశాడు. "మా ఊరి తేయాకమ్మా ఇది. ఊలాంగ్ అంటారు. ఇది గొంతులో పడితే నాకు ఆకలి పుడుతుంది" అన్నాడు. పొట్లంలో ఆకులు మిరియాల్లా ఉండలు చుట్టుకుని ఉన్నాయి. మూడంటే మూడుసార్లకి వస్తాయి.

మొదటి రోజు పేరిందేవమ్మ ఏం చేసింది? ఆ ఆకు పాలల్లో వేసి, అల్లం దంచి, బెల్లం కొట్టి, అరగంట తెర్ల కాచింది. లిన్ తాత ఒక గుక్క తాగి కప్పు పక్కన పెట్టేశాడు.

రెండో రోజు కాఫీ ఫిల్టర్లో దట్టంగా కూరి, మూతపెట్టి, పొద్దుణ్ణించి మధ్యాహ్నం దాకా దింపింది. వేపాకు కషాయం నయం! ఆయన అదీ పక్కన పెట్టేశాడు. చేసే ముందు ఒక్క మాట ఆయన్నే అడగొచ్చుగా? అడగదు.

మూడో రోజు ఆఖరి ఆకు. లిన్ తాత మంచం మీద నుంచే చేతులు జోడించాడు. "అమ్మా, మరిగిన నీళ్ళు పొయ్యి. వెంటనే ఆ మొదటి నీళ్ళు పారబొయ్యి. అవి ఆకు తడవడానికేగానీ తాగడానికి కాదు. మళ్ళీ పోసి, ఒక్క నిమిషం ఆగి వంచు. రెండోది బావుంటుంది, మూడోది ఇంకా బావుంటుంది" అన్నాడు.

చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పాడమ్మా! విన్నదా?

"పారబొయ్యడమా? అతిథికి మొదటిది పారబోసి మూడోది ఇస్తానా? మా ఇంటా వంటా లేదు!" అంది. నీళ్ళు ఆయన చెప్పినట్టే మరిగించి ఆకు మీద పోసి, ఆ మొదటి నీళ్ళే గ్లాసులో వంచి తీసుకెళ్ళింది. గిన్నె తొలిచిన నీళ్ళలా ఉన్నాయి. లిన్ తాత చూసి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. "ఇంక ఈ ఏడు నేను ఇల్లు చూడను" అన్నాడు.

పేరిందేవమ్మ విసవిసా గల్లాపెట్టె దగ్గరికి వెళ్ళిపోయింది. కొడుకు తన వంతు రెండో నీళ్ళు వద్దన్నాడు. అప్పుడు మిగిలిన ఆకు నాంచారుకి వచ్చింది. ఆ పిల్ల వేడినీళ్ళు పోసి, నిమిషం ఆగి మూత తీసింది. ఉండలన్నీ విప్పుకుని నిండు ఆకులయ్యాయి. వంటిల్లంతా సంపెంగల వాసన! లేదమ్మడూ, పువ్వులేం కలపలేదు. ఆ ఆకుకే ఆ వాసన. కాస్త నోరు మూసుకుని విను.

నాంచారు కప్పు వైపూ, గల్లాపెట్టె వైపూ చూసింది. తన వాటా నీళ్ళు అతిథికి ఇస్తే అత్తగారు చీరేస్తుంది. ఇవ్వకపోతే ముసలాయన ఇల్లు చేరడు. అయితే కానీ అని కప్పు పట్టుకుని వెళ్ళింది.

కప్పు మంచం దగ్గరికి రాకముందే లిన్ తాత లేచి కూర్చున్నాడు. తాగాడు. ఇంకోటి పొయ్యమన్నాడు. మూడోది తాగి, "ఆకలేస్తోందమ్మా" అన్నాడు. నాలుగు ఇడ్లీలు తిన్నాడు!

అంతలో పేరిందేవమ్మ వచ్చింది. "ఒసేయ్ నాంచారూ! నీ వంతు నీళ్ళు అతిథికి పోస్తావుటే!" అని అరిచింది. లిన్ తాత నవ్వి ఆవిడ చేతిలో ఒక కప్పు పెట్టాడు. ఆవిడ తాగింది. ఖాళీ కప్పు మళ్ళీ చాపింది.

మర్నాడు పొద్దున్నే లిన్ తాత తాడు పట్టుకుని, తన కాళ్ళ మీద తను నడిచి ఓడెక్కాడు. నాంచారు రేవులో నిలబడి సంతోషంతో ఏడ్చేసింది.

ఇప్పటికైనా పేరిందేవమ్మకి బుద్ధి వచ్చిందనుకున్నావా? కోడలు ఇంటికి రాగానే నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. "అమ్మ దొంగా! అసలు రుచి మూడోదాంట్లో ఉంటే, ఇన్నేళ్ళూ నువ్వొక్కదానివే తాగేశావా? రేపట్నించి కాఫీలో కూడా మూడో డికాషన్ నాకు. మొదటిది నువ్వే తాగు. అదే నీకు శిక్ష!" అంది.

"అది తేయాకు సంగతమ్మా, కాఫీ వేరు..." అనబోయాడు కొడుకు. నాంచారు అతని కాలు గట్టిగా తొక్కింది.

"అలాగేనండీ అత్తయ్యగారూ" అంది.

కథ కంచికి, కాఫీ కోడలికి, కథడిగిన పిల్ల పక్కమీదికి. ఇంక పడుకోవే తల్లీ!