కొత్వాలు గారి సగం గుండు

పూర్వం చంద్రవరంలో చెరసాల నుంచి విడుదలైన ప్రతివాడికీ, జనం గుర్తుపట్టాలని సగం తల గొరిగి పంపేవాళ్లు. గొరిగే పని మంగలి నాంచారయ్యది. పదిరోజుల కిందట తాను గొరిగి పంపిన పోలిగాడే జొన్నలు దొంగిలించి మళ్లీ దొరికేసరికి అతని ప్రాణం ఉసూరుమంది.

"వీడిది పుట్టుకతో వచ్చిన దొంగబుద్ధి! చెయ్యి నరికించండి ప్రభూ," అన్నాడు కొత్వాలు రాజుతో, మీసం దువ్వుతూ.

నాంచారయ్య ఉండబట్టలేకపోయాడు. "ఆ తల చూసి వీడికి ఎవరూ పనివ్వలేదు ప్రభూ."

"సాకులు! నేనైతే ఆకలితో చస్తాను గానీ పరాయి సొత్తు ముట్టను."

"అయితే ఒక్కరోజు ఇంటికి పోకుండా, చేతిలో కాసు లేకుండా ఆ తలతో తిరిగి రండి అయ్యగారూ. మీరు నెగ్గితే నా చెయ్యి కూడా నరికించండి."

రాజుకు సరదా పుట్టి సరేనన్నాడు. మర్నాడు తెల్లవారగానే నాంచారయ్య కొత్వాలుకు సగం తల, సగం మీసం గొరిగి, చిరుగుపంచె కట్టించి పంపాడు.

పొద్దు వాలకముందే సంతజనం ఒకణ్ణి కట్టేసి ఈడ్చుకొచ్చారు. "పని కావాలని తిరుగుతుంటే పొద్దుట్నుంచీ తరిమేస్తున్నాం ప్రభూ. చివరికి అరటిగెల ఎత్తుకుపోతున్నాడు!"

కొత్వాలు నోట్లో ఇంకా సగం పండు ఉంది.

"పోలిగాడు పదిరోజులు ఓర్చుకున్నాడు ప్రభూ," అన్నాడు నాంచారయ్య, చేతులు కట్టుకుని. "ఇప్పుడు ఎవరి చెయ్యి నరకమంటారు?"

రాజు పగలబడి నవ్వి, ఇకమీదట విడుదలైనవాడికి గుండు కాదు, పని ఇచ్చి పంపమన్నాడు. ఆ పూటే నాంచారయ్య పోలిగాణ్ణి తన పనిలో పెట్టుకుని, చేతికి కత్తి ఇచ్చాడు.

వాడి మొదటి బేరం, కొత్వాలు గారి మిగతా సగం తల. ఆయన ఊపిరి బిగబట్టి, కదలకుండా కూర్చున్నాడు.