ఉసిళ్ళు వచ్చిన సభ

ఊరి స్తంభాలన్నిటికీ కళ్ళు జిగేల్‌మనే తెల్ల ఎల్ఈడీ దీపాలే పెట్టిస్తానని సర్పంచ్ కోటిలింగంగారు భీష్మించుకు కూర్చున్నారు.

"తేనెరంగువి పెట్టించండి బాబూ. తెల్ల వెలుగుకి పురుగులొచ్చి నా మూకుట్లో పడతాయి," అంది బజ్జీల బండి నాంచారమ్మ.

"నీ బజ్జీల కోసం ఊరంతా మసకలో ఉండాలా?" అన్నారాయన.

నాంచారమ్మ వాదించలేదు. "అయితే ముందు మీరు పెట్టబోయే సభలో వేదిక మీద తెల్లది, నా బండి దగ్గర తేనెరంగుది పెట్టి చూడండి. తొలకరి పడిన సాయంత్రం సభ పెట్టుకుంటే చల్లగా కూడా ఉంటుంది," అంది.

ఆ మాట ఆయనకి నచ్చింది. వాన వెలిసిన సాయంత్రం, తెల్ల వెలుగులో మెరిసిపోతూ మైకందుకుని నోరు తెరిచారు. పుట్టల్లోంచి లేచిన ఉసిళ్ళన్నీ ఆ దీపం మీదికే వచ్చాయి. మొదటి మాటకే నాలుగు నోట్లో పడ్డాయి. జనం ఒక్కొక్కరే లేచి బజ్జీల బండి దగ్గరికి చేరారు. చివరికి కండువా దులుపుకుంటూ ఆయనా వచ్చారు.

నాంచారమ్మ వేడి బజ్జీలు చేతికిచ్చి, "మీ దీపానికి పురుగులొచ్చాయి బాబూ, నా దీపానికి మనుషులొచ్చారు. మన వీధుల్లో ఎవరు తిరగాలో మీరే చెప్పండి," అంది.

కోటిలింగంగారు మళ్ళీ నోరు తెరిచారు. ఈసారి నోట్లో పడింది బజ్జీ. అది మింగి, "తేనెరంగే పెట్టిస్తాలే," అన్నారు. "ఇంకో రెండు వెయ్యి."