దివాను దిగిన తాడు

అడవిని కట్టెల మోపులా చూసేవాళ్లు ప్రతి రాజ్యంలోనూ ఉంటారు. నల్లకొండ దివాను రాయలయ్య అలాంటివాడే. రాజుగారి వేటభవనం కోసం కొండమీది చెట్లన్నీ కొట్టించడానికి గొడ్డళ్లవాళ్లను వెంటబెట్టుకొచ్చాడు.

తేనె తీసి బతికే ఈదన్న అడ్డుపడ్డాడు. "దొరా, అడవి పోతే మేం చస్తాం."

"అది మీ చేతకానితనం! నాకు ఏ చెట్టుతోనూ పనిలేదు" అని దివాను నవ్వాడు.

అంతలో కొండ అంచు కింద వేలాడుతున్న తేనెపట్టు అతని కంటబడింది. దాన్ని తన చేత్తోనే తీశానని రాజుగారి దగ్గర గొప్ప చెప్పుకోవాలనిపించింది.

ఈదన్న పొగబెట్టి ఈగల్ని తోలి, తాడును అంచునున్న మద్దిచెట్టుకు కట్టాడు. "మా ఆచారం ఒకటుంది దొరా. తాడు మీదున్నవాడి మాటే పైవాళ్లకు ఆజ్ఞ. ఈ గొడ్డళ్లవాళ్లకేం చెప్పమంటారు?"

"నేను పైకొచ్చేలోగా కొట్టడం మొదలెట్టకపోతే తోలు తీస్తానని చెప్పు."

"ఏ చెట్టుతో మొదలెట్టాలి?"

"ఏదైతేనేం? అన్నీ ఒకటే!"

దివాను తాడు పట్టుకు దిగి లోయమీద వేలాడుతుండగా ఈదన్న గొడ్డళ్లవాళ్లకు మద్దిచెట్టునే చూపించాడు. ఒక్క దెబ్బకే తాడు వణికింది.

"ఒరే, ఆ చెట్టు కాదు!"

"మరేది దొరా? అన్నీ ఒకటే అన్నారుగా!"

"ఏదీ వద్దు! గొడ్డళ్లు లోయలో పారేయండి!"

ఆజ్ఞ ప్రకారం గొడ్డళ్లన్నీ లోయలో పడ్డాయి. పైకి లాగగానే దివాను మద్దిచెట్టును రెండు చేతులా వాటేసుకున్నాడు.

"మేమంతా ఈ తాడు మీదే ఉన్నాం దొరా" అన్నాడు ఈదన్న. "మీకు ఇవాళ కనబడింది, అంతే."

ఆ కొండ భవనానికి పనికిరాదని రాజుగారికి దివానే చెప్పాడు. గొడ్డళ్లేమయ్యాయని అడిగితే మాత్రం మాట మార్చేశాడు.